దూరదేశపు పెళ్ళిచూపులు

నల్లగొండ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యటం లేదు. అయితే ఆమె అడిగిన సంగతి ఆమె ఒక్కరిదే కాదు. డాక్టరీ చదివిన పిల్లలున్న చాలా ఇళ్ళలో ఈ చలికాలం ఇదే గొడవ. అందుకని మిగతా ఉత్తరాలు పక్కకు పెట్టి, ఈ వారం దీనికే జవాబు చెబుతున్నాను.

ఉత్తరం సారాంశం ఇది: "మా అమ్మాయి ఎం.బి.బి.ఎస్. పాసయి మూడేళ్ళు దాటింది. అమెరికాలో రెసిడెన్సీ చెయ్యాలని దాని పట్టుదల. అక్కడి పరీక్షలు రెండూ పాసయింది. ఒక్కొక్క పరీక్షకు వెయ్యి డాలర్ల పైమాటే గదా, ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మినం. హౌస్ సర్జన్సీ అయిపోగానే వాళ్ళ నాయనకు పక్షవాతం వచ్చింది. పధ్నాలుగు నెలలు మంచం దగ్గర అదే ఉన్నది. ఇప్పుడాయన కర్ర పట్టుకొని వాకిట్లో తిరుగుతున్నడు. తర్వాత అమ్మాయి ఇక్కడే ఒక నర్సింగు హోములో డ్యూటీ డాక్టరుగా చేస్తూ పరీక్షలు రాసింది. ఈ ఏడు మూడు ఇంటర్వ్యూలు వచ్చినయి. ఆ పధ్నాలుగు నెలలు ఏం చేసినవని అడుగుతరంట. తెలిసినాయన ఒకడు, 'ఇంట్ల కూసున్ననని చెప్పకు బిడ్డా, రిసెర్చి చేసిన్నని చెప్పు, కాగితం నేనిప్పిస్త' అంటున్నడు. పిల్ల రాత్రిళ్ళు నిద్రపోతలేదు. ఏం చెప్పమంటారు?"

సోదరీ, ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు. వద్దు. ఆ కాగితం ముట్టుకోవద్దు.

ఎకరం అమ్మి పిల్లను చదివించిన తల్లికి నీతి నేను చెప్పనక్కరలేదు. మీరు భయం వల్ల అడిగారు. కనుక లోకరీతినే చెబుతాను. మీ అమ్మాయి అర్జీ సెప్టెంబరులోనే వెళ్ళిపోయింది. అందులో లేని రిసెర్చి ఇంటర్వ్యూ నాటికి ఎక్కడినుంచి పుడుతుంది? "ఏం రిసెర్చి? ఎంతమంది రోగుల మీద? ఏం తేలింది?" అని ఆవలి డాక్టరు మూడు ప్రశ్నలు వేస్తే నాలుగోదానికి పిల్ల గొంతు తడారిపోతుంది. ఇక కాగితం సంగతి. ఇతర దేశాలలో చదివిన డాక్టర్ల యోగ్యతలను పరిశీలించి ధ్రువపత్రం ఇచ్చే సంస్థ అక్కడ ఒకటి ఉన్నది. ఇ.సి.ఎఫ్.ఎం.జి. అంటారు. 1956లో ఏర్పడింది. దొంగ పత్రం బయటపడితే ఆ మచ్చ రికార్డులో ఉండిపోతుంది. ఒక్కోసారి ఆ దారే శాశ్వతంగా మూసుకుపోతుంది. పధ్నాలుగు నెలల ఖాళీని పూడ్చబోయి పధ్నాలుగేళ్ళ చదువును పణంగా పెట్టటమన్నమాట.

ఈ వ్యవహారం తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. రెసిడెన్సీ అంటే జీతం తీసుకుంటూ ఆస్పత్రిలో చేసే పై శిక్షణ. మనం జనరల్ మెడిసిన్ అనేదానికి అక్కడ మూడేళ్ళు. ఇక్కడ ఎంత పెద్ద పట్టా ఉన్నా, సాధారణంగా అది చెయ్యనిదే అక్కడ వైద్యం చెయ్యటానికి వీల్లేదు. అక్టోబరు నుంచి జనవరి దాకా ఇంటర్వ్యూలు. అవి అయ్యాక అభ్యర్థి తనకు నచ్చిన ఆస్పత్రులను వరసగా రాసి ఇవ్వాలి. ఆస్పత్రులు తమకు నచ్చిన అభ్యర్థులను వరసగా రాసి ఇస్తాయి. రెండు జాబితాలనూ కంప్యూటరు జతపరుస్తుంది. దీనికి 'మ్యాచ్' అని పేరు. 1952 నుంచీ నడుస్తున్న పద్ధతి. మార్చిలో మూడో శుక్రవారం ఫలితం. జత కుదిరిందంటే ఒప్పుకున్నట్టే లెక్క.

అచ్చం పెళ్ళిచూపుల వ్యవహారమే గదా! నేను హాస్యానికి అనటం లేదు. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు 1962లో కాలేజీ సీట్లనూ పెళ్ళి సంబంధాలనూ ఒకే లెక్కలో పెట్టి వ్యాసం రాశారు. ఇప్పటి మ్యాచ్‌కు ప్రాణం ఆ లెక్కే. ఆల్విన్ రాత్ అనే ఆర్థికవేత్త దాన్ని అభ్యర్థుల పక్షానికి మొగ్గేటట్టు సవరించగా, 1998 నుంచీ ఆ పద్ధతి వాడుకలో ఉన్నది. షాప్లీకీ రాత్‌కూ 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ అమ్మాయికి ఇందులో పనికివచ్చే ముక్క ఒకటే: మనసులో ఉన్న వరసనే కాగితం మీద రాయాలి. "పెద్ద ఆస్పత్రి మనకు రాదులే" అని దాన్ని కిందికి నెట్టనక్కరలేదు. అది రాకపోయినంత మాత్రాన రెండోదానికి అవకాశం తగ్గదు. వెళ్ళటానికి ఇష్టమున్న ఆస్పత్రి ఏదీ జాబితాలో విడిచిపెట్టకూడదు కూడాను.

ఇంటర్వ్యూకు మన పిల్లలు ఎందుకు బెదురుతారు? తెలివి తక్కువై కాదు. ఎనిమిదో తరగతి నుంచీ మనం వాళ్ళ చేత బిట్లు పెట్టించాం. మెడికల్ సీటుకు బిట్లు, ఇక్కడి పి.జి. సీటుకూ బిట్లే. నీట్ పి.జి.లో ర్యాంకు వస్తే సీటు వస్తుంది. "డాక్టరు ఎందుకు కావాలనుకున్నావమ్మా?" అని ఇరవై అయిదేళ్ళు వచ్చినదాకా ఏ పరీక్షాధికారీ అడగడు. నిజం చెప్పండి, ఇంట్లో మనమైనా అడిగామా? అడగని ప్రశ్నకు మొదటిసారి పరాయి దేశపు మనిషి ముందు జవాబు చెప్పవలసి వచ్చేసరికి పిల్లలు ఎవరో రాసిపెట్టిన నోట్సు బట్టీ పడతారు. బట్టీ జవాబు వినగానే తెలిసిపోతుంది. అది అందరి నోటా ఒకటే.

కనుక మొదటి తయారీ భోజనాల దగ్గర జరగాలి. వారం రోజులు రాత్రి పూట ఇంట్లో ఒకరు ఒక ప్రశ్న అడగండి. నీ గురించి చెప్పు. ఈ శాఖే ఎందుకు? నీవు పొరపాటు చేసిన సందర్భం ఏది, తర్వాత ఏం చేశావు? తోటి డాక్టరుతో మాట పట్టింపు వస్తే ఎట్లా సర్దుకున్నావు? రెండు నిమిషాలు దాటకుండా చెప్పనివ్వండి. మొదట తెలుగులో చెప్పనివ్వండి. మనసులో మాట దొరికాక అది ఇంగ్లీషులోకి మారటం పెద్ద కష్టం కాదు. మధ్యలో మాత్రం దిద్దకండి సోదరీ! వినటమే మీ పని.

ఇక ఆ పధ్నాలుగు నెలలు. అది దాచవలసిన ఖాళీ అని మీకెవరు చెప్పారు? మంచాన పడ్డ మనిషికి పుండ్లు పడకుండా రెండేసి గంటలకు పక్క తిప్పటం, మింగటం కష్టమైతే ఏది ఎట్లా తినిపించాలో చూసుకోవటం, బి.పి. రాసుకోవటం, బిగుసుకుపోయిన వేళ్ళను రోజూ ఆడించటం — వార్డులో డాక్టర్లు చీటీ మీద రాసి నర్సుకు చెప్పే పనులు ఇవన్నీ. మీ అమ్మాయి స్వయంగా చేసింది. మీ ఉత్తరం మూడో పేజీలో ఒక మాట రాశారు, గుర్తుందా? ఆస్పత్రి నుంచి ఇంటికి పంపినప్పుడు ఇచ్చిన కాగితంలో మీరు చదవగలిగిన మాట ఒక్కటీ లేదని, అమ్మాయి కూర్చుని దాన్నంతా తెలుగులో రాసి గోడకు అంటించిందని. ఇంటర్వ్యూలో చెప్పవలసింది అదే!

ఇట్లా చెప్పమనండి: "నా చదువు పూర్తవగానే మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. పధ్నాలుగు నెలలు నేనే చూసుకున్నాను. ఆస్పత్రి గుమ్మం దాటాక రోగి ఇంట్లో ఏం జరుగుతుందో అప్పుడు తెలిసింది. ఇప్పుడు నేను ఏ రోగిని ఇంటికి పంపినా, మందుల చీటీ ఇంటివాళ్ళకు అర్థమయిందో లేదో వాళ్ళ చేతనే చెప్పించుకుంటాను. నాన్నగారు నడిచాక తిరిగి డ్యూటీలో చేరాను, పరీక్షలు రాశాను." అంతే. క్షమాపణ అక్కరలేదు, కన్నీళ్ళు అక్కరలేదు. చదువు చెయ్యి జారలేదని తెలిసేటట్టు చివరి వాక్యం మాత్రం తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే వాళ్ళ భయం అదే.

ఇంకొక ప్రశ్న వస్తుంది. మీదేవూరు? మన పిల్లలు తొందరపడి హైదరాబాదు అనేస్తారు. నల్లగొండ అనే చెప్పమనండి. నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల పళ్ళు గారపట్టి, ఎముకలు బిగుసుకుని, నడుములు వంగిపోయిన మనుషులు మునుగోడు, మర్రిగూడ పల్లెలలో ఎందరో. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. పటిక, సున్నం కలిపి నీళ్ళను శుద్ధిచేసే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థవారు తయారుచేస్తే, దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు స్థిరపడి దేశదేశాల పుస్తకాలలోకి ఎక్కింది. ఆ ఊరి డాక్టరు ఊరి పేరు చెప్పటానికి సిగ్గుపడాలా? పాలమూరు పిల్లలైతే వలస సంగతి చెప్పవచ్చు. ఆరు నెలల క్షయ మందులు మొదలుపెట్టిన కూలీ రెండో నెలలో పనికోసం ఊరు విడిచిపోతే వైద్యం ఎట్లా సాగాలి? ఇటువంటి ప్రశ్నతో తలపడ్డ డాక్టరు ఏ దేశానికైనా కావలసినవాడే. అయితే తాను చూసిన రోగి గురించే చెప్పాలి, చదివిన వ్యాసం అప్పజెప్పకూడదు.

ఇప్పుడు చిల్లర విషయాలు. చిల్లరవే గాని కొంప ముంచేవి. 2020 నుంచీ ఈ ఇంటర్వ్యూలు చాలామట్టుకు కంప్యూటరు తెర మీదనే. అక్కడి తూర్పు తీరంలో ఉదయం ఎనిమిదంటే మనకు సాయంత్రం ఆరున్నర, షికాగోలో ఎనిమిదంటే ఏడున్నర, కాలిఫోర్నియాలో అయితే రాత్రి తొమ్మిదిన్నర. ఇది నవంబరు మొదటి ఆదివారం తర్వాత లెక్క. అంతకు ముందు ఒక గంట తక్కువ. మా బంధువుల కుర్రవాడు ఈ మార్పు మరచి గంట ముందే కోటు తొడుక్కుని కూర్చున్నాడు. తెర మీద ఎవరూ రారు, ఇంటిల్లిపాదికీ చెమటలు! అసలు మనిషి వచ్చేసరికి వాడి ముఖం వాడిపోయింది. కరెంటు పోతే నడిచే ఏర్పాటు, రెండో ఇంటర్నెట్టు, ముఖానికి ఎదురుగా వెలుతురు చూసుకోండి. ఆ రెండు గంటలూ కుక్కరు పొయ్యి మీద పెట్టకండి, నీళ్ళ మోటారు వెయ్యకండి. పక్కింటివారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

చూపులు ఇరువైపులవీ అని మరచిపోవద్దు. తల వంచుకుని కూర్చునే రోజులు పోయాయి. "మీ దగ్గర చదివినవారు తర్వాత ఎక్కడ స్థిరపడ్డారు? కొత్త రెసిడెంటు తప్పు చేస్తే ఎవరు దిద్దుతారు?" అని అమ్మాయి కూడా అడగాలి. పెళ్ళయిందా, పిల్లలెప్పుడు అని వాళ్ళు అడగరాదు. మమ్మల్ని ఎన్నో స్థానంలో పెడతావని కూడా అడగరాదు. ఇవి అక్కడి నియమాలు. ఒకవేళ ఎవరైనా నోరు జారితే, మర్యాదగా మాట పని మీదికి మళ్ళించటం నేర్చుకుంటే చాలు.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటి ఉత్తరం నిండా ఉన్నది: రాకపోతే? దాచను. 2024లో అమెరికా పౌరులు కాని విదేశీ పట్టాదారులలో నూటికి 58 మందికి పైగా జత కుదిరింది. మిగిలినవారికి కుదరలేదు. వారిలోనూ మంచి డాక్టర్లే ఉన్నారు. జత కుదరలేదని సోమవారం తెలిస్తే, మిగిలిన సీట్లకు ఆ వారంలోనే మరో ప్రయత్నం ఉంటుంది. అదీ కాకపోతే మీ అమ్మాయి డాక్టరు కాకుండా పోదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇక్కడి పి.జి. పరీక్ష ఎటూ ఉన్నది. ఈ మాట ఇంటర్వ్యూకు ముందు రోజున పిల్లకు చెప్పండి. "వస్తే పో, రాకుంటే మన ఇల్లు మనకున్నది బిడ్డా" అని తల్లి నోట విన్న పిల్ల గొంతు వణకదు.

అమ్మిన ఎకరం ఊసు మాత్రం ఆ వారం ఇంట్లో ఎవరూ ఎత్తవద్దు. అది ఆమెకు మీకంటే బాగా గుర్తున్నది.

మొదటి ఇంటర్వ్యూ రోజున వాళ్ళ నాయనగారిని పక్క గదిలో, ఆమెకు కనిపించేటట్టు కుర్చీలో కూర్చోబెట్టండి. ఆ పధ్నాలుగు నెలల గురించి అడిగినప్పుడు ఏం చెప్పాలో ఆమెకు జ్ఞాపకం చెయ్యనక్కరలేదు. మార్చిలో ఫలితం ఏదైనా సరే, నాకు ఒక కార్డు ముక్క రాయండి.