సముద్రం అడుగున సిమెంటు ఇళ్లు

కేరళలోని తిరువనంతపురం తీరంలో వేటే బ్రతుకుగా ఉన్న కుటుంబాల్లో ఎక్కువమంది లాటిన్ కతోలిక విశ్వాసులు. అక్కడి 42 జాలరి పల్లెల ఎదుట సముద్రంలో, పల్లెకు 150 చొప్పున 6,300 సిమెంటు దిమ్మెలు దించే పని 2024లో విళింజం నుంచి మొదలైంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద చేపట్టిన పని ఇది. ఒక్కో దిమ్మె టన్నుకు పైగా బరువు. కొన్ని త్రికోణంగా, కొన్ని పువ్వులా, కొన్ని గొట్టంలా ఉంటాయి. వాటిని 12 నుంచి 15 బారల లోతున, జీపీఎస్ చూసి దించుతారు.

బోసి ఇసుక నేల మీద గట్టి ఆసరా దొరికితే ముందు నాచు పడుతుంది, తర్వాత ఆల్చిప్పలు అంటుకుంటాయి. చిన్న చేపలు సందుల్లో దాక్కుంటాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. ఈ తీరపు జాలరులకు ఇది కొత్త సంగతి కాదు. రాళ్లు, కొబ్బరి మొద్దులు, ఇసుక బస్తాలు పడవల్లో మోసుకెళ్లి వాళ్ల పెద్దలు ఏనాడో ఇలాంటి దిబ్బలు కట్టుకున్నారు.

అయితే ఎక్కడ దించాలన్నదే అసలు పని. మెత్తటి బురదలో దించితే దిమ్మె కూరుకుపోతుంది. సహజమైన రాతి దిబ్బ మీద పడితే ఉన్నదీ పాడవుతుంది. అలివి వలలు లాగే చోట వేస్తే వల చిరిగి పేదవాడే నష్టపోతాడు. ఏ చోట ఏముందో యంత్రం కొంత చెబుతుంది, మిగతాది రోజూ అక్కడ వేటాడేవాడు చెప్పాలి.

మంచి ఉద్దేశం ఒక్కటే చాలదనడానికి అమెరికాలోని ఫ్లోరిడా సాక్ష్యం. 1970లలో ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర చేపల కోసమని సుమారు 20 లక్షల పాత టైర్లు సముద్రంలో వేశారు. కట్లు తెగిపోయాయి. టైర్లు దొర్లి పక్కనున్న పగడపు దిబ్బలను గాయపరిచాయి. దశాబ్దాల తర్వాత డైవర్లు దిగి వాటిని ఏరవలసి వచ్చింది.

ఇంకో చిక్కుంది. దిబ్బ చేపలను పెంచుతుందా, చెదిరివున్నవాటిని ఒకచోటికి చేర్చుతుందా అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. చేర్చడమే అయితే పెద్ద వల ఉన్నవాడు ఊడ్చుకుపోతాడు. దిమ్మెలకు చిక్కుకుంటుందన్న భయంతో మరబోట్లు అడుగు వల లాగకపోవడం చిన్నవాళ్లకు మేలే. కానీ దిబ్బ చుట్టూ కొంతకాలం ఎవరూ వేటాడకూడదన్న కట్టుబాటు లేకపోతే ఆ మేలు నిలవదు. ఏడవ ఏట భూమికి విశ్రాంతినిమ్మని ధర్మశాస్త్రం చెప్పింది కదా, సముద్రపు ముక్కకు ఆ మాత్రం ఇవ్వలేమా?

ఈ పథకం మన ఆంధ్ర తీరానికీ ఉంది. జాలరి పల్లెల్లోని సంఘ కాపరులు అధికారులను ముందుగానే అడగాలి: చోటు ఎవరు నిర్ణయించారు? వేటకు వెళ్లే మన పెద్దలను పిలిచారా? దించిన తర్వాత ఏటేటా వచ్చి చూసేదెవరు?