స్కానింగ్ ఒక దిక్కు, ఆపరేషన్ ఒక దిక్కు ఎందుకుండాలె?

బండి మీదికెల్లి పడ్డ మనిషికి ఒక్కోసారి పైన గీత కూడా ఉండదు. లోపల ప్లీహమో, కాలేయమో చీలి కడుపు నిండా రక్తం కారుతుంటది. ఎక్కడ కారుతుందో చెప్పేది సీటీ స్కాన్. ఆపేది ఆపరేషన్ థియేటర్. మన సర్కారు దవాఖానల్లో చాలాచోట్ల ఆ రెండింటి నడుమ స్ట్రెచర్ ఉంటది, పొడుగు వరండా ఉంటది, లిఫ్టు కోసం ఎదురుచూపు ఉంటది. బీపీ పడిపోతున్న మనిషిని స్కాన్‌కు పంపాలంటే డాక్టరే జంకుతడు. పంపకపోతే ఎక్కడ కోయాలో తెలియదు.

జపాన్‌లో ఒసాకా జనరల్ మెడికల్ సెంటర్ 2011లో ఈ రెండింటినీ ఒకే గదిలో పెట్టింది. రోగి బల్ల దిగడు. స్కానర్ పట్టాల మీద జరిగి ఆయన దగ్గరికొస్తది, పని కాగానే వెనక్కి పోతది. అదే బల్ల మీద కోత పెడతరు. లేదంటే తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి కారేచోట మూసేస్తరు. 2019లో అక్కడి డాక్టర్లు లెక్కలు బయటపెట్టిన్రు. రోగి వచ్చినంక స్కాన్ మొదలయ్యే సమయం 26 నిమిషాల నుంచి 11కు దిగింది. 28 రోజుల్లోపు మరణాలు 22 శాతం నుంచి 15కు తగ్గినయి. ఒక్క దవాఖాన లెక్క, అదీ పాత పద్ధతితో కొత్తదాన్ని పోల్చింది, కాబట్టి కళ్లు మూసుకుని నమ్మమని అనను. పైగా ఒళ్లంతా స్కాన్ చేసినంత మాత్రాన మరణాలు తగ్గవని 2016లో లాన్సెట్‌లో యూరప్ అధ్యయనం ఒకటి చూపింది. నా లెక్కలో ఫలితం వచ్చేది యంత్రంతోని కాదు, రోగిని కదిలించకుండా అక్కడికక్కడే రక్తం ఆపగలగడంతోని.

ఇక మన ఉస్మానియా సంగతి. 2020 జూలైలో వార్డుల్లోకి వాన నీళ్లొచ్చినంక మూసీ ఒడ్డున ఉన్న పాత భవనానికి తాళం పడ్డది. 2025 జనవరి 31న గోషామహల్‌లో 2,000 పడకల కొత్త దవాఖానకు శంకుస్థాపన జరిగింది. ఇలాంటి గదికి బరువు మోసే నేల, ఎక్స్‌రే కిరణాలు దాటని గోడలు కావాలె. కట్టినంక పగలగొట్టి పెట్టుడు మా కష్టం. జిల్లాల నుంచి రెఫర్ అయిన మనోళ్లు చేరేది గూడా అక్కడికే గదా.

"మా గూడేనికి రోడ్డే లేదు, ఒసాకా గది ఎందుకు?" అని అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. లోపల రక్తం కారేటోడు అంత దూరం తట్టుకుంటడా? అందుకే ఉట్నూరు, భద్రాచలం దవాఖానల్లో క్యాజువాలిటీ మంచం పక్కనే చిన్న అల్ట్రాసౌండ్ మిషన్, నిల్వ రక్తం, రాత్రిపూట సర్జన్, మత్తు డాక్టర్ ఉండాలె. కడుపులో రక్తం చేరిందో లేదో ఆ మిషన్ కొన్ని నిమిషాల్లో చూపిస్తది. ఒసాకా కిటుకుకు పేదోడి రూపం అదే. పట్నంలో గది అడుగుడు, ఏజెన్సీలో ఇవి అడుగుడు, రెండూ ఒక్కటే డిమాండ్.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చేయున్రి. వైద్యారోగ్య శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టున్రి. కొత్త ఉస్మానియా ప్లానులో క్యాజువాలిటీ నుంచి సీటీకి, సీటీ నుంచి థియేటర్‌కు ఎన్ని మీటర్లు? నడుమ లిఫ్టు ఉన్నదా? ఉట్నూరులో రాత్రి డ్యూటీలో సర్జన్ ఉంటున్నడా? దారిద్ర్య రేఖకు దిగువనున్నోళ్లకు ఆ దరఖాస్తుకు ఫీజు గూడా లేదు.