నూటికి ముప్పదితొమ్మిది

2019వ సంవత్సరపు శాసనసభ యెన్నికలలో తెలుగుదేశము పార్టీకి నూటికి 39.17 వోట్లు వచ్చినవి, స్థానములు 23. 2024లో వై.యస్.ఆర్. కాంగ్రెసు పార్టీకి నూటికి 39.37 వోట్లు వచ్చినవి, స్థానములు 11. ఈ రెండు లెక్కలను పాఠకులు మరియొకమారు చదువవలెనని మా మనవి. మొదటి పర్యాయము తెలుగుదేశ మంతరించినదని పలువురు పలికిరి. రెండవ పర్యాయము శ్రీ జగన్మోహనరెడ్డిగారి పని ముగిసినదని పలికిరి. ఇట్లు పలికినవారు కుర్చీలను లెక్కించిరి గాని మనుష్యులను లెక్కింపలేదు.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు ప్రాంతముల మామిడితోటలను పూతమీదనే గుత్తకు దీసికొను వర్తకులు కలరు. కొమ్మకొమ్మకు విరగబూచిన తోటను జూచి ధర జెప్పువాడు, ఆ పూతయంతయు కాయ కాదని యెరుగును. మంచుకు మాడునది మాడగా, గాలికి రాలునది రాలగా, నిలిచిన పిందెయే తనదని వాని లెక్క. మన రాజకీయ పక్షముల కీపాటి వివేకము కొరవడినది. 151 స్థానములు గెలిచినవారు రాష్ట్రమంతయు తమదే యనుకొనిరి. 23 స్థానములు మిగిలినవారు తమకిక రాష్ట్రమున నెవ్వరును లేరనుకొనిరి. రెండును భ్రమలే, కాని ఐదేండ్లపాటు రాష్ట్రపు నడవడిని నిర్ణయించినవి ఈ భ్రమలే.

నిజముగా మారినదెంత? 2019లో జగన్మోహనరెడ్డిగారి పక్షమునకు నూటికి 49.95 వోట్లుండెను. ఐదేండ్లలో వారిని విడిచిపోయినవారు నూటికి పదిమంది, మరికొంచెము. స్థానములు మాత్రము 140 పోయినవి. ఇది యంతయు కూటమి మహిమయే యనుటయు సరికాదు. 2019లో వేరువేరుగా పోటీచేసిన తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతా పార్టీల వోట్లను గూడినను నూటికి 46 కాలేదు; నాడు కలసియున్నను వారోడియే యుందురు. 2024లో ఆ మూడును గలసి 55 దాటి, 164 స్థానములను బొందినవి. కట్ట వేసినది కూటమి. నీరు వచ్చినది జనులనుండి. ఆ నీరు ఎప్పటినుండి ఊరుచుండెను, ప్రతిపక్షము దాని నెప్పుడు కనుగొనెను అనునదియే మా ప్రశ్న.

2019 పిమ్మట ప్రతిపక్షము నడచిన తీరు చూడుడు. ఇరువదిముగ్గురు సభ్యులలో నలుగురు అధికారపక్షము చెంత జేరిరి; అందొకరు మాకు పొరుగుననున్న గన్నవరము సభ్యులు. జనసేనకు గల యేకైక సభ్యుడును అటే మొగ్గెను. 2021 మార్చి పురపాలక యెన్నికలలో తెలుగుదేశమునకు దక్కిన పురపాలక సంఘము తాడిపత్రి యొక్కటియే. ఏప్రిలులో మండల, జిల్లా పరిషత్తుల యెన్నికలను ఆ పార్టీ బహిష్కరించెను. నవంబరు 19వ తేదీన శ్రీ చంద్రబాబునాయుడుగారు, తమ కుటుంబమును గూర్చి సభలో నాడిన మాటలకు నొచ్చుకొని, ముఖ్యమంత్రిగా దప్ప మరల నందు అడుగిడనని సభను వీడిరి. వారి మనస్తాపము నిజమైనదే. ఆ మాటలును సభకు తగినవి కావు. కాని నూటికి ముప్పదితొమ్మండుగురు తమ వోటు నిచ్చినది వారి ప్రశ్నలను సభలో వినిపించుటకు గదా! ఫలితము వెంట ఫలితము ప్రతికూలమైనకొలది ప్రతిపక్షము కుంచించుకొనిపోయెను. అది కుంచించుకొన్నకొలది అధికారపక్షము ప్రజలును తమవలెనే సంతోషముతో నున్నారని నమ్మెను.

నమ్ముటకు వారికొక కారణము లేకపోలేదు. బిడ్డను బడికి పంపిన తల్లికి ఏటేట 15,000 రూపాయలు, రైతుకు కేంద్రము వారి 6,000తో గూడి 13,500 రూపాయలు నేరుగా ఖాతాలలో బడుచుండెను. మీట నొక్కిన ముఖ్యమంత్రికి ప్రజలు వోటు నొక్కక పోవుదురా యని వారి తర్కము. ఐనను డబ్బు పుచ్చుకొన్న చేయియే తన పట్టా పుస్తకమును దెరచి చూచినపుడు అందు ముఖ్యమంత్రి బొమ్మ కానవచ్చెను. పొలము గట్టున నాటిన సర్వేరాతిపై వారి పథకము పేరు కానవచ్చెను. తాతలు నాటిన తోటకు హద్దురాతిపై పాలకుల పేరేల యని రైతు మనసున బడినది. దానికి తోడు 2023 అక్టోబరు 31 నుండి అమలులోనికి వచ్చిన భూమి హక్కుల చట్టము, హక్కు వివాదములను సివిలు కోర్టులనుండి తప్పించి అధికారుల చేతిలో బెట్టెను. చట్టమును సమర్థించువారి వాదమును మేమును జదివితిమి. హక్కునకు ప్రభుత్వమే పూచీపడు పద్ధతి ఇతర దేశముల నున్న మాట వాస్తవము. కాని దస్తావేజును ప్రాణమువలె దాచుకొను దేశమున, కోర్టు తలుపు మూసి అధికారి తలుపు దెరచుట ఎట్టి భయమును బుట్టించునో గ్రహించుటకు పాండిత్యము పనిలేదు. 2024లో గెలిచిన ప్రభుత్వము ఆ చట్టమును జూలైలోనే సభచేత రద్దుచేయించెను.

ఈ భయములు, కోపములు 2024లో బుట్టినవి కావు. ప్రతిపక్షమునకు ధైర్యము వచ్చినది మాత్రము 2023 మార్చిలో. ఉత్తరాంధ్ర, తూర్పు రాయలసీమ, పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల నియోజకవర్గములు మూడును శాసనమండలి యెన్నికలలో తెలుగుదేశమునకు దక్కినవి. మూడు స్థానములతో ఏ ప్రభుత్వమును కూలదు. ఐనను గాలి మారినది. అదే నెలలో శాసనసభ్యులు వోటువేయు మండలి యెన్నికలో తెలుగుదేశ మభ్యర్థిని గెలువగా, అధికారపక్షము తన సభ్యులనే నలుగురిని వెలివేసెను. సెప్టెంబరు 9వ తేదీన చంద్రబాబునాయుడుగారు అరెస్టయిరి. 14వ తేదీన శ్రీ పవన్ కల్యాణ్ గారు రాజమహేంద్రవరము కారాగారమునకు బోయి వారిని గలసి, వెలుపలికి వచ్చి పొత్తును ప్రకటించిరి. 2024 మార్చినాటికి భారతీయ జనతా పార్టీయు జేరెను. అటుపై చేరికలకు కొదువ లేదు. 2019లో జగన్మోహనరెడ్డిగారి పక్షమున పెనమలూరునందు గెలిచిన శ్రీ కొలుసు పార్థసారథిగారు, 2024లో తెలుగుదేశమువారై నూజివీటిలో గెలిచి మంత్రులైరి. వారినొక్కరినే మేము తప్పుపట్టుటలేదు. తెలుగుదేశమును వీడి అటు పోయిన నలుగురి త్రోవయు నిదే. మేమనునది యొక్కటే: జనుల కష్టమును జూచి రాని ధైర్యము యెన్నికల ఫలితమును జూచి వచ్చినది. ఒక పట్టభద్రుల యెన్నిక మధ్యలో రాకయుండిన ఆ మూకత్వ మింకెన్నాళ్లుండెడిదో!

ఫలితము ప్రతిపక్షమునకు ధైర్యమే కాదు, రూపమును గూడ నిచ్చును. ఇది మరింత విచారింపదగినది. 2019లో పథకముల వాగ్దానము చేతిలో నోడినవారు పథకములను విమర్శించుట మానిరి. ఖజానాకు భారమన్నవారే వేలముపాట కెక్కి, ‘సూపర్ సిక్స్’ అను పేర అంతకు మించిన హామీల నిచ్చిరి. గెలిచి, 2024 జూలైలో పింఛను 3,000 నుండి 4,000 చేసిరి; తల్లులకు 15,000 బిడ్డకొక్కటిగా నిచ్చిరి; రైతునకు కేంద్రము సొమ్ముతో గలిపి ఏటికి 20,000 అనిరి. పేదకు డబ్బిచ్చుట దోషమని మేమెన్నడును అనలేదు. కాని రాష్ట్రపు ఆదాయ మెంత, అప్పెంత, కాలువకు మిగులునదెంత యని యడుగవలసిన పక్షము తానే పాటలో హెచ్చుపాట పాడినపుడు, ఆ ప్రశ్నకు ఇల్లు లేదు. మనము నాయకుని మార్చితిమి. నాయకుడు నేర్పిన పాఠమును మాత్ర మిరుపక్షములును కంఠస్థము చేసినవి.

ఈ వింతలేవియు మన నేలకు క్రొత్తవి కావు. 1951-52 యెన్నికలలో ఆంధ్రజిల్లాల 140 స్థానములలో కమ్యూనిస్టులు 41 గెలిచిరి. 1955లో కాంగ్రెసు, కృషికార్ లోక్, ప్రజాపార్టీలు ఐక్యమై యెదిరించినవి. కమ్యూనిస్టులకు వోట్లు పెరిగి నూటికి సుమారు 31 చేరినవి. స్థానములు 196లో 15కు దిగినవి. వోటు పెరిగినను ఓటమి తప్పలేదు. ఆ పదునైదుగురు సభను విడువలేదు; సభలోనే కూర్చుండి ప్రభుత్వమును నిలదీయుచు వచ్చిరి. వారి సిద్ధాంతములతో ఈ పత్రిక కేనాడును పొందిక లేదు. ఆ పట్టుదలను మాత్రము కొనియాడక తప్పదు.

పదునొకండుగురి నడవడి మరియొక తీరుగా నున్నది. 2024 జూనులో జగన్మోహనరెడ్డిగారు తమను ప్రతిపక్షనాయకునిగా గుర్తింపుడని సభాధ్యక్షులకు లేఖ వ్రాసి, తరువాత హైకోర్టు నాశ్రయించిరి. సభలో పదింట నొకవంతు బలముండవలెననునది మావలంకరుగారు లోకసభాధ్యక్షులుగా నున్ననాడు ఏర్పడిన పద్ధతి. ఇది న్యాయమా కాదా యని వాదింపవచ్చును. ఆ వాదములో జగన్మోహనరెడ్డిగారి పక్షమున కొంత బలము కలదనియే మా యభిప్రాయము. కాని హోదా రానిదే సభకు రానను మాటలో బలము లేదు. 2025 ఫిబ్రవరి 24వ తేదీన గవర్నరు ప్రసంగమునకు వచ్చి, నినాదములు చేసి, కొన్ని నిమిషములలో వెడలిపోయిరి. సభాబహిష్కారము మనకు తెలియని యాయుధము కాదు. 1920లో సహాయనిరాకరణవాదులు శాసనసభలను విడిచిరి. ఐనను అవి పరప్రభుత్వము కట్టిన సభలు. 1923లో చిత్తరంజనదాసు, మోతీలాలు నెహ్రూగార్లు ఆ పరాయి సభలలోనికే ప్రవేశించి లోపలినుండి పోరిరి. మన వోట్లతో మనము కట్టుకొన్న సభను విడుచుటకు ఆ పూర్వ సంప్రదాయమును ఆధారముగా జూపుట పొసగదు.

2025 వేసవిలో చిత్తూరు జిల్లా తోతాపురి రైతులకు ధర పడిపోయెను. మన వైపు కలెక్టరు కాయ యనునది యిదే. ప్రభుత్వము కిలోకు 12 రూపాయలని ధర కట్టి, 8 కర్మాగారములవారు, 4 తా మిత్తుమనెను. జూలై 9వ తేదీన జగన్మోహనరెడ్డిగారు బంగారుపాళ్యము మామిడి యార్డునకు బోయిరి, జనము పోటెత్తిరి, రోడ్లపై కాయలు పారబోసిరి, వానిని పారబోసిన దెవరని ఇరుపక్షములును కొన్నాళ్లు తగవులాడుకొన్నవి. రైతునకు 8 రూపాయలు నిజముగా ముట్టినవా, ఏ కర్మాగార మెంత చెల్లించెను, వచ్చు సంవత్సరము ఈ దుస్థితి రసములకును బంగినపల్లికిని పట్టకుండ నేమి చేయుదురు? ఇవి యార్డులో కేకలుగా దప్ప శాసనసభలో జగన్మోహనరెడ్డిగారి ప్రశ్నలుగా లిఖితము కాలేదు. విచిత్రమేమన, అదే పక్షమువారు శాసనమండలిలో శ్రీ బొత్స సత్యనారాయణగారి నాయకత్వమున కూర్చుండి ప్రశ్నలడుగుచు వచ్చిరి. అందు వారికి బలమున్నది, హోదాయు నున్నది. 2024లో నూజివీటి తోటలలో ఆ పక్షమునకు వోటువేసిన రైతునకు ఆ హోదాతో పని లేదు. వానికి జవాబుతోనే పని.