డాక్టరు కావాలా? ముందు ఎల్లారెడ్డి వెళ్ళి రండి!

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న ప్రతి విద్యార్థినీ ఊరంతా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏం బిడ్డా, డాక్టరువైతవా?" అవునంటే తండ్రి మీసం దువ్వుతాడు. కాదంటే తల్లి కంట నీరు పెడుతుంది. ఈ రెంటి మధ్య అసలు ఆ పని తనకు సరిపడుతుందా అని ఆలోచించుకునే తీరిక ఆ విద్యార్థికి ఎక్కడిది?

మా ప్రాంతం సంగతే చెబుతాను. ఒకప్పుడు కామారెడ్డి పిల్లలు వైద్యం చదవాలంటే హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, వరంగల్లో కాకతీయ కళాశాలల వైపు చూడాల్సిందే. 2013లో నిజామాబాదుకు వైద్య కళాశాల వచ్చింది. 2016లో కామారెడ్డి జిల్లా కేంద్రమయింది. 2023లో వంద సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల కామారెడ్డికే వచ్చింది. సంతోషమే! అయితే కాలేజీ మన ఊళ్ళో ఉన్నంత మాత్రాన సీటు మన జేబులో ఉన్నట్టు కాదు. ర్యాంకు వచ్చిన వాళ్ళు ఎక్కడి నుంచైనా వస్తారు. నూటికి పదిహేను సీట్లు అఖిల భారత కోటాకే పోతాయి.

ఆ ర్యాంకునిచ్చే నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. తప్పు రాస్తే ఒక మార్కు కోత. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు అడుగుతారు గాని, "అర్ధరాత్రి తలుపు తడితే విసుక్కుంటావా?" అని ఒక్క ప్రశ్నా అడగరు! అది మనకు మనమే వేసుకోవాలి. పద్దెనిమిదో ఏట చేరితే నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్‌సర్జన్సీ, మూడేళ్ళ పీజీ. ఎక్కడా ఆగకపోయినా ఇరవై ఆరు దాటుతాయి.

కనుక నాదొక సలహా. కోచింగు ఫీజు కట్టేముందు కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. ఓపీ చీటీల వరుస పక్కన ఒక పూట కూర్చోండి. నేను కూర్చున్నాను. దగ్గుతూ వచ్చిన బీడీ కార్మికురాలు, కొడుకు గల్ఫులో ఉంటే ఒంటరిగా వచ్చిన ముసలాయన... ఒకామె నన్నే డాక్టరనుకొని, "సారూ, జర నా బిడ్డను సూడుండ్రి" అంది. నాకు నోట మాట రాలేదు. భయమేసింది. కాని లేచిపోవాలనిపించలేదు. నా దృష్టిలో అసలు ప్రవేశ పరీక్ష అదే!

రెండుసార్లు నీట్ రాశాను. సీటు రాలేదు. ఇప్పుడు బీఎస్సీ చదువుతున్నాను. అందని ద్రాక్ష పుల్లన అంటారేమో! కాదు మిత్రులారా, ఇప్పటికీ అది తియ్యనిదే. అయితే రోగికి ఉపకరించే దారి ఒక్కటే కాదని తెలుసుకున్నాను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివారు. పేరు తెచ్చుకున్నది మాత్రం అమెరికాలోని ప్రయోగశాలల్లో. బోదకాలు నివారణకు నేటికీ ఊళ్ళలో పంచే డీఈసీ మాత్ర వెనుక ఆయన బృందం కృషి ఉంది. ల్యాబు టెక్నీషియను, నర్సు, ఫార్మసిస్టు లేనిదే డాక్టరు చేతులు కట్టేసినట్టే గదా!

తల్లిదండ్రులకు, గురువులకు నా మనవి: "సీటొస్తదా?" అని అడిగేముందు "ఎవరికి వైద్యం చేస్తవు?" అని అడగండి. మిత్రులారా, ఆ వరుస చివరి మనిషి మీ కంటిముందు మెదిలితే తప్పక చదవండి. కారూ, కట్నమూ మాత్రమే మెదిలితే, దయచేసి ఆ సీటు ఇంకొకరికి వదలండి!