వెనక సీటుకు బీమా ఉందా?

చిలమత్తూరు మండలంలో ఎవరింట్లో పెళ్లి బట్టలు కొనాలన్నా, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, ఊళ్లో కూలి దొరక్కపోయినా దారి ఒకటే: కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం, బెంగళూరు. వాన మొహం చాటేసి వేరుశనగ చేతికి రాని ఏడాది ఈ 44వ నంబరు జాతీయ రహదారే చాలా ఇళ్లకు చేను. బస్సు దొరికితే బస్సు, లేకుంటే తెలిసినవాళ్ల కారు. తలా ఇంత వేసుకుంటే డీజిల్ ఖర్చు గట్టెక్కుతుంది.

2023 అక్టోబరు 26 ఉదయం ఈ దారిలోనే, చిక్కబళ్లాపురం శివార్లలో, పొగమంచులో ఆగివున్న ట్యాంకర్‌ను ఒక టాటా సుమో వెనక నుంచి గుద్దింది. 13 మంది చనిపోయారు. బెంగళూరుకు పనికి బయల్దేరిన ఆంధ్ర వలస కూలీలు వాళ్లలో ఉన్నారు. ఆ బండి కాగితాల జోలికి ఇక్కడ పోవడం లేదు. రోజూ అదే దారిన కిక్కిరిసి పోతున్న మిగతా బండ్ల గురించే ఈ మాట.

‘ఇన్సూరెన్స్ ఉందా?’ అని అడగండి, ‘ఉంది’ అనే అంటారు. చాలామంది దాన్ని కట్టేది పోలీసు ఆపినప్పుడు చూపించడానికి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు సొంత కారుకు 2022 జూన్ నుంచి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, పన్ను అదనం. అది కట్టేస్తే పని అయిపోయిందనుకుంటాం.

ఈ లెక్కలో మొదటి పార్టీ బండి యజమాని, రెండోది బీమా కంపెనీ. మూడో పార్టీ మన బండి కింద పడ్డవాడు, మన బండి గుద్దిన బైకువాడు. అతను చనిపోతే, గాయపడితే ట్రిబ్యునల్ ఎంత తేల్చినా కంపెనీ కట్టాలి, దానికి పరిమితి లేదు. అతని ఆస్తికి నష్టమైతే ఏడున్నర లక్షల దాకా. మన కారు నుజ్జయితే మాత్రం ఒక్క రూపాయి రాదు. ఇంతవరకు చాలామందికి తెలుసు.

తెలియనిది, వెనక సీటు సంగతి. సొంత కారులో కూర్చున్న చుట్టాలు, స్నేహితులు మూడో పార్టీ అవుతారా? 2012లో నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీకీ బాలకృష్ణన్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. చట్టం కోసం మాత్రమే తీసుకున్న పాలసీ అయితే కారులో ఉన్నవాళ్లు దాని కిందికి రారు. కాంప్రెహెన్సివ్, అంటే ప్యాకేజీ పాలసీ అయితే వస్తారు. ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అంటే గీతలు పడిన బంపర్‌కు అనుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క చదివితే చాలు. ఆ పాలసీలో అసలు విలువైనది బంపర్ కాదు, వెనక కూర్చున్న అవ్వ.

అదీ అన్నివేళలా కాదు. వైట్ బోర్డు కారులో, అంటే సొంత వాడకపు బండిలో, తలా ఇంత తీసుకుని ఎక్కించుకుంటే అది బాడుగ. బాడుగకు తిప్పకూడదని పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. ఆ సాకుతో కంపెనీ చేయి విదిలిస్తే కోర్టు చుట్టూ తిరిగేది పోయినవాళ్ల ఇంటివాళ్లే. చెనక్కాయ పీకడానికి గూడ్స్ ఆటోలో నిలబడి పోయే కూలీల గతి ఇంకా అన్యాయం. సరుకు యజమానికి, అతని తరఫు మనిషికి 1994 సవరణ రక్షణ ఇచ్చింది. ఊరికే ఎక్కినవాళ్లకు లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇక స్టీరింగు దగ్గర కూర్చున్నవాడు. యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది, కానీ అది ఆర్‌సీలో పేరున్న మనిషికే. మన పల్లెల్లో బండి నాయన పేరున ఉంటుంది, తోలేది కొడుకు. ఆ 15 లక్షలు కొడుక్కి వర్తించవు.

పక్కనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి, కొత్త కార్లు కొనేవాళ్లూ పెరిగారు. వాళ్లకో ఉచ్చు ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. సొంత డ్యామేజీ బీమా మాత్రం సాధారణంగా ఏడాదికే. ‘మూడేళ్లు కట్టేశాం కదా’ అనుకున్నవాళ్లు రెండో ఏడు డివైడర్‌ను గుద్దాక తెలుసుకుంటారు.

ఫుల్ అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. 12,000 రూపాయల ప్లాస్టిక్ బంపర్ పగిలిందనుకోండి. ప్లాస్టిక్‌కు సగం తరుగు, ఆపై చిన్న కారుకు తప్పనిసరి కోత 1,000. చేతికొచ్చేది 5,000. దానికోసం క్లెయిమ్ చేస్తే అయిదేళ్లు కూడబెట్టిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది. బోనస్ తగ్గింపు లేకుండా సొంత డ్యామేజీ ప్రీమియం 6,000 అనుకుంటే మొదటి ఏడే 3,000 అదనం, తర్వాతి రెండేళ్లూ కలిపి మరో 3,300. జీరో డెప్ తీసుకుంటే తరుగు కోత తప్పుతుంది, బోనస్ పోవడం తప్పదు. చిన్న సొట్టకు మెకానిక్ దగ్గరికే పోవడం మేలు.

కరువు సీమలో వరద బీమా ఎందుకని నవ్వకండి. 2022 అక్టోబరులో అనంతపురం కాలనీలు నీట మునిగాయి. అంతకు ముందటేడు నవంబరులో చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో కారుతో చిక్కుకున్నవాళ్లను, కాపాడబోయి చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో బయటికి తేవలసి వచ్చింది. ప్యాకేజీ పాలసీలో వరద నష్టం ఉంది. నీళ్లలో ఆగిన బండికి తాళం తిప్పితే ఇంజన్‌లోకి నీరు లాగి రాడ్డు వంగుతుంది. అది వరద కాదు, మీ చేతి తప్పు అంటుంది కంపెనీ. ఇంజన్ రక్షణ విడిగా కొన్నవాళ్లకే దానికి దారి. తాళం తిప్పకుండా తోసుకుని ఒడ్డుకు చేర్చడం ఖర్చులేని బీమా.

మళ్లీ వెనక సీటు దగ్గరికి వస్తే, చట్టం తప్పనిసరి చేసిన పాలసీలోనే కారులో కూర్చున్నవాళ్లనూ చేర్చాలి. రోడ్డు మీది అపరిచితుడికి పరిమితి లేని రక్షణ ఇచ్చిన చట్టం అదే బండిలోని మనిషిని యజమాని కొనే పాలసీ రకానికి వదిలేయడం ఏ న్యాయం? ప్రీమియం కొంత పెరుగుతుంది, నిజమే. కానీ అప్పుడు గడువు తేదీ చూస్తే చాలు, వెనక సీటుకూ రక్షణ ఉన్నట్టే. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపినవాళ్లు ఇప్పుడు చూసేదీ ఆ తేదీ ఒక్కటే. తేదీ దాటలేదా, పోనిస్తారు. ముందు ఇద్దరు, వెనక నలుగురు, ఒళ్లో ఇద్దరు పిల్లలతో ఆ బండి బాగేపల్లి వైపు వెళ్లిపోతుంది.