అభిమానమా, అభిప్రాయమా?

2024వ సంవత్సరము డిసెంబరు మాసమున హైదరాబాదు నగరము చలనచిత్రములకు సంబంధించిన రెండు దుఃఖవార్తలను వినినది. ఆ నెల 4వ తేదీ రాత్రి సంధ్యా థియేటరునొద్ద ఒక క్రొత్త చిత్రపు తొలియాటకు కథానాయకుడు వచ్చుచున్నాడని జనులు విరుచుకొనిపడగా, ఆ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణములు గోల్పోయినది. ఆమె కుమారుడు మృత్యుముఖమునుండి బయటపడి మాసములకొలది ఆసుపత్రిలో నుండవలసివచ్చెను. అదే నెల 23వ తేదీన దర్శకులు శ్రీ శ్యామ్ బెనెగల్‌గారు బొంబాయిలో దివంగతులైరి. మొదటి వార్తపై వాదోపవాదములు వారములతరబడి సాగినవి. రెండవ వార్త ఒకటిరెండు దినములలో మఱుగుపడినది.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మన ప్రేక్షకలోకపు స్థితి తేటపడును. మనకు అభిమానము మెండు, అభిప్రాయము కఱవు. అభిమానము నటుని ముఖమును జూచును. అభిప్రాయము కథలోని సత్యమును జూచును. అభిమానికి తన నాయకుని బొమ్మ ఎన్ని కోట్లు వసూలు చేసినదన్నదే లెక్క. తొలియాట ముగియకమునుపే చేతిలోని ఫోనులలో తీర్పులు వెలువడుచున్నవి. ఎందఱో ఏండ్లతరబడి పడిన శ్రమను 'హిట్టు', 'ఫ్లాపు' అను రెండు ముక్కలతో తేల్చివేయుచున్నారు. గింజను నోట కొఱికి ధాన్యపు నాణ్యము చెప్పగలవాడు, నడకను జూచి ఎద్దునకు వెలకట్టగలవాడు మన రైతు. అట్టివాని బిడ్డలు తమ బ్రతుకును జూపు బొమ్మను మాత్రము పరులు చెప్పిన వసూళ్ల లెక్కతో కొలుచుట వింతకాదా?

ఈ మాటను మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములవారితో ప్రత్యేకముగా చెప్పుటకు కారణము కలదు. సికింద్రాబాదునుండి ఉత్తరముగా రెండు బాటలు పోవుచున్నవి. ఒకటి బోయినపల్లి, కొంపల్లి మీదుగా మేడ్చల్ చేరి, తూప్రాన్ దాటి నాగపురమునకు సాగును. రెండవది తిరుమలగిరి, అల్వాల్ మీదుగా శామీర్‌పేట చేరి, ప్రజ్ఞాపూర్ దాటి కరీంనగరమునకు సాగును. మొదటి బాటపైనున్న తూప్రాన్ ప్రజాగాయకుడు గద్దర్ జన్మస్థలము. రెండవ బాటపైనున్న తిరుమలగిరిలో 1934లో బెనెగల్‌గారు జన్మించిరి. ప్రజ్ఞాపూర్ శ్రీ బి. నర్సింగరావుగారి స్వగ్రామము. గద్దర్ తన జీవితపు చివరి దినములవఱకు అల్వాల్‌లోనే నివసించి, 2023 ఆగస్టులో మరణించి, అచ్చటి మట్టిలోనే కలసిపోయెను. ముంబయి, మద్రాసు స్టూడియోలను గూర్చి కథలుకథలుగా చెప్పుకొను మనము, మన బస్సు ప్రతిదినము నడచు త్రోవలో పుట్టిన ఈ సంపదను గూర్చి మన పిల్లలకు ఎన్నడైన చెప్పితిమా?

బెనెగల్‌గారి తొలి కథాచిత్రము 'అంకుర్' 1974లో వెలువడెను. అందలి కథ తెలంగాణపు పల్లెది, పలుకు దక్కనీ. దొరకొడుకు అహంకారమును, అతని ఇంట పనిచేయు లక్ష్మియను పేదరాలి కష్టమును, మూగవాడైన ఆమె భర్తపై బడిన కొరడాదెబ్బలను ఆ చిత్రము ఏ కృత్రిమాలంకారమును లేక చూపినది. చివరకు ఒక బాలుడు విసరిన చిన్నఱాయి దొరగారి కిటికీ అద్దమును పగులగొట్టును. వందలమందిని గాలిలో ఎగురగొట్టు నేటి నాయకుల పోరాటములన్నిటికంటె ఆ ఱాతిదెబ్బ గట్టిది. 1978లో ఆయన తెలుగున 'అనుగ్రహము' తీసిరి. అది ఒక మరాఠీ నవల ననుసరించినది. 1988లో నెహ్రూగారి భారతదర్శనమును 53 భాగములుగా దూరదర్శనమున ప్రదర్శించిరి. ఆదివారము ఉదయమున దేశమంతయు తన చరిత్రను తన ఇంటిలో గూర్చుండి చూచుట ఆ ధారావాహికవలన సాధ్యమయ్యెను.

నర్సింగరావుగారు నిర్మాతగా, గౌతమ్ ఘోష్‌గారు దర్శకులుగా రూపొందిన 'మా భూమి' 1980లో ప్రజలముందునకు వచ్చెను. దానికి మూలము కృష్ణచందర్ ఉర్దూ నవల. ఉర్దూ నవలను వంగదేశపు దర్శకుడు తెలుగుపల్లె కథగా మలచగా, గద్దర్ తెరపై నిలిచి పాడెను. ఈ విధముగ పలుభాషలవారు చేయి కలిపినను ఆ చిత్రము ఎచ్చటను పరాయిదిగా తోపలేదు. సత్యమునకు మాతృభాష ఒక్కటే యని దీనివలన తెలియుచున్నది. తరువాత నర్సింగరావుగారు స్వయముగా తీసిన 'దాసి' 1988వ సంవత్సరపు జాతీయ పురస్కారములలో ఐదింటిని పొందెను. గడీలో అణగిపోయిన ఒక ఆడుదాని మౌనమునకు దేశము తలయొగ్గినది.

ఇట్టి చరిత్ర గల ప్రాంతపు పలుకునకు తెలుగు వెండితెరపై ఏ గౌరవము దక్కినది? దశాబ్దములపాటు తెలంగాణపు యాస రౌడీల నోటనో, విదూషకుల నోటనో మాత్రమే వినబడినది. నాయకుడు ఒక తెలుగు మాటాడును, వాని చేత దెబ్బలుతిను దుష్టుడు మఱియొక తెలుగు మాటాడును! దీనిని మన జనమే చప్పట్లు చఱచి చూచినది. తెలంగాణములో కవులు లేరని వెనుకటికి ఒకరన్నపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు తిట్లతో బదులు చెప్పలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించి నోరు మూయించిరి. ఈ అవమానమునకు కూడ సరియైన జవాబు కృతి రూపముననే రావలసియుండెను. నవలలో ఆ పని దాశరథి రంగాచార్యులవారు 'చిల్లర దేవుళ్లు'తో ముందే చేసిరి. వెండితెరపై ఆలస్యముగనైన అది జరుగుచున్నది. 2017లో 'ఫిదా' కథానాయిక తన ఊరి మాటను తలయెత్తి పలికినది. 2019లో 'మల్లేశం' ఆసుయంత్రమును నిర్మించిన చేనేత బిడ్డ కథను చెప్పినది. 2023లో వేణు ఎల్దండిగారి 'బలగం' వచ్చినపుడు ఊరి నడుమ తెర కట్టి, పిన్నలు పెద్దలు నేలపై గూర్చుండి చూచి కన్నీరు పెట్టిరి. పిట్ట ముట్టలేదన్న చిన్న ఆచారము చుట్టు అల్లిన ఆ కథను జూచి, మాటలు మానిన అన్నదమ్ములు తిరిగి పలుకరించుకొనిరని వార్తలు వచ్చినవి. అది అభిమానుల కేక కాదు, ప్రజాభిప్రాయము.

అయినను ఒక హెచ్చరిక అవసరము. యాస ఉన్నంతమాత్రమున సత్యము చేకూరదు. ఇటీవలి కొన్ని చిత్రములు సీసా, మాంసము, బూతుమాట ఈ మూటినే తెలంగాణ సంస్కృతియని చాటుచున్నవి. నిన్న హాస్యమునకు వాడుకొనిన యాసను నేడు వ్యాపారమునకు వాడుకొనుట గౌరవమెట్లగును? ఇక సాయంకాలము ఇంటింట మ్రోగు ధారావాహికల సంగతి చెప్పనక్కరలేదు. పట్టుచీర కట్టి వంటయింట విషము కలుపు అత్తలు, ఏడ్చుటకే పుట్టిన కోడండ్రు వందలకొలది దినములు నడచుచుందురు. తెల్లవారుజామున లేచి ఫ్యాక్టరీ బస్సు నెక్కి, చీకటిపడి ఇల్లు చేరు ఆడుబిడ్డ ఒక్కతె ఆ కథలలో కనబడదు.

ఆ ఆడుబిడ్డ మేడ్చల్‌లో కలదు, శామీర్‌పేటలో కలదు. ఒకనాడు ఈ నేలలు ద్రాక్షతోటలకు పేరుపొందినవి. అనాబెషాహి గుత్తులు వ్రేలాడిన పందిళ్లు పోయి, ప్లాట్ల హద్దురాళ్లు వెలసినవి. బాహ్యవలయ రహదారి వచ్చినది. టీకామందులు సిద్ధముచేయు జీనోమ్ వ్యాలీ వచ్చినది. 2016లో మేడ్చల్ పేర జిల్లాయే వచ్చినది. వీనివలన కలిగిన మేలును మేము కాదనము. కాని భూమి అమ్మిన సొమ్ము కరగిపోగా, ఒకప్పటి తన పొలముననే కట్టిన గోడకు కావలికూర్చున్న వాని మనసులో నేమున్నది? ఈ గొప్ప కథ నేటికిని తగిన దర్శకుని కొఱకు, తగిన నవలాకారుని కొఱకు ఎదురుచూచుచునే యున్నది. మన చెరువుగట్టు, మన తోటబంగళా తెరపై పాటలకు వెనుకదృశ్యములైనవి గాని, మన బ్రతుకు ముందునకు రాలేదు.

నంది బహుమానములు నిలిచిపోయిన పిమ్మట తెలంగాణ ప్రభుత్వము గద్దర్ పేర చలనచిత్ర పురస్కారములను నెలకొల్పి, 2025 జూన్ 14వ తేదీన ప్రదానము చేసెను. 2024వ సంవత్సరపు చిత్రములలో ప్రథమస్థానము 'కల్కి 2898 ఏ.డి.'కి దక్కినది. కూతురికి చదువు చెప్పించుటకై పాటుపడిన తండ్రి కథయైన 'పొట్టేల్' ద్వితీయస్థానమున నిలిచినది. మొదటి చిత్రపు నిర్మాణకౌశలమును మేము తక్కువ చేయము. కాని గద్దర్ పేరు వట్టి పేరు కాదు. అది ఒక కొలబద్ద. గొంగడి భుజమున వేసికొని పేదల గోడును పాడినవాని పేర ఇచ్చు బహుమానము తెరమీది వైభవమును ముందు చూడవలెనా, మట్టిలోని మనిషిని ముందు చూడవలెనా? న్యాయనిర్ణేతలు ఈ ప్రశ్నను ఏటేట తమకుతాము వేసికొనవలయును.

వినోదము తప్పని మేమనము. దినమంతయు కాయకష్టము చేసినవాడు రెండుగంటలసేపు నవ్వుకొనుటకు టికెట్టు కొనును. అది వాని హక్కు. కాని సొమ్ము చెల్లించినవానికి ప్రశ్నించు హక్కు కూడ గలదు. ఈ బొమ్మలో మా ఊరి మాటకు మర్యాద కలదా? ఆడుదాని కష్టము కలదా? పనిచేయువాడు మనిషిగా కనబడెనా? ఇంటికి పోవుచు ఈ మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును.

బెనెగల్‌గారు చదువుకొను దినములలోనే హైదరాబాదు ఫిల్మ్ సొసైటీని స్థాపించిరి. మంచి చిత్రములను నలుగురు కూడి చూచి చర్చించు ఆ అలవాటునుండియే 'అంకుర్' మొలకెత్తినది. మేడ్చల్‌లోను, శామీర్‌పేటలోను గ్రంథాలయముననో, పాఠశాలలోనో నెలకొకమాఱు ఒక తెర కట్టుట కష్టము కాదు. ఒక నెల 'మా భూమి', ఒక నెల 'దాసి', ఒక నెల 'బలగం' చూపి, విద్యార్థులచేతను, కూలీలచేతను, గృహిణులచేతను మాటాడింపవచ్చును. అధ్యాపకులును యువకులును ఇందుకు పూనుకొనవలయునని మా మనవి. నటుని మోటారుబండి వెంట పరుగెత్తిన కాళ్లు ఆ సభకు నడచివచ్చిన దినమున ఈ రెండు బాటలపై మఱియొక బెనెగల్, మఱియొక గద్దర్ పుట్టకపోరు.