ఇంటి రికార్డింగునకు ఏ హెడ్‌ఫోను?

గజల్ పాడు విద్యార్థికైనను, పద్యము చదువు విద్యార్థికైనను నేడు ఇంటి గదియే స్టూడియో అగుచున్నది. మైకు కొనుటకు పదిమందిని విచారించు మిత్రులు హెడ్‌ఫోను మాత్రము అంగడిలో గట్టిగా మ్రోగినదానినే తెచ్చుకొనుచున్నారు. ఇది ఉపకార వేతనమును వృథా చేయుటయే అని నా అభిప్రాయము.

హెడ్‌ఫోన్లు ముఖ్యముగా రెండు రకములు. 1968లో సెన్‌హైజర్ సంస్థ హెచ్.డి. 414తో ప్రవేశపెట్టిన తెరచిన రకము ఒకటి. చెవిని పూర్తిగా మూయునది మరొకటి. మొదటిదానిలో ధ్వని సహజముగా వినిపించును. కాని అది బయటికి పొక్కి, మైకులో ప్రవేశించి, గొంతుతోపాటు తబలాను కూడ మరల నమోదు చేయును. కనుక పాడునపుడు మూసిన రకమే శరణ్యము.

మంద్రధ్వనిని పెంచి వినిపించునది వినోదమునకే తగును. దానిని నమ్మి మంద్రమును తగ్గించినచో, ఇతరుల యింట మన పాట పలుచబడును. ముఖములోని మచ్చను దాచు అద్దమెందులకు? బ్లూటూత్ హెడ్‌ఫోనులో ధ్వని ఆలస్యముగా చేరి తాళము తప్పించును. తీగ గలదే మేలు. 250 ఓమ్‌ల హెడ్‌ఫోనునకు తగిన యాంప్లిఫయరు కావలెను. సామాన్య పరికరములకు 32 మొదలు 80 ఓమ్‌లవి చాలును.

కళాశాల సంఘమువారు గ్రంథాలయములో పుస్తకములవలె రెండు రకములనూ ఉంచినచో, పేద విద్యార్థి ముందుగా తన గొంతును విని, పిమ్మట సొమ్ము వెచ్చింపగలడు. ఉర్దూ షాయరీకిని, తెలుగు పద్యమునకును ఇంతకంటె చవకైన సేవ వేరొండు లేదు.